ఆవిడ లోపలికెందుకు వెళ్ళింది?

"తిరిగొచ్చిందమ్మా! అంత జరిగాక కూడా తిరిగొచ్చింది. అదీ ముగింపు," అన్నారు శుభం గారు, మంచినీళ్ళ గ్లాసు నర్సు ముందుకి జరుపుతూ.

నర్సు గ్లాసు ముట్టుకోలేదు. ఆమె కుడిచేతికి మోచేతి దాకా కట్టు ఉంది. ఎడంచేత్తో ఒక పెద్ద కాగితపు కవరు ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. పక్క కుర్చీలో ఆమె భర్త. మందుల దుకాణం నడిపే మనిషి. ఇస్త్రీ నలగని చొక్కాలో కూర్చుని శుభం గారి ప్రతి మాటకీ తలూపుతున్నాడు.

శుభం గారి అసలు పేరు తలుపు మీద బోర్డులో ఉంది. దాన్ని ఎవరూ చదవరు. ఆ కుటుంబ సలహా కేంద్రానికి వచ్చిన ఏ జంటైనా సంతకాలు పెట్టాక, పాత సినిమా ఆఖర్న తెరమీద పడే అక్షరాల్లా, ఆయన కళ్ళజోడు తీసి "శుభం" అంటారు. అదే ఆయన పేరైపోయింది. గొంతు పెంచరు. ఎవర్నీ కసురుకోరు. ఆయన వెనక గోడమీద తెల్లబోర్డు, దానిమీద 'కలిపిన కుటుంబాలు' అన్న మాట, దాని కింద 412 అన్న అంకె. ఆ అంకెని ఆయన స్వయంగా తుడిచి స్వయంగా రాస్తారు.

మూలన కంప్యూటరు ముందు టైపిస్టు కీబోర్డు మీద వేళ్ళు ఆనించి ఎదురుచూస్తోంది. ఈ సీరియల్ కథని శుభం గారు ఎక్కడ ఆపుతారో, ఎక్కడ గొంతు తగ్గిస్తారో ఆమెకి కంఠతా వచ్చు. పాతికేళ్ళ నాటి సీరియల్ అది. అది వచ్చే వేళకి వీధులు ఖాళీ అయ్యేవని పెద్దవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక ఇల్లాలు, ఒక మొగుడు, మూడు గదుల ఇల్లు. రెండొందల భాగాల పాటు ఆ మొగుడితో పడరాని పాట్లు పడి, ఆఖరి భాగంలో ఆవిడ సంచీ సర్దుకుని గడప దాటుతుంది. దాటి, మళ్ళీ వెనక్కి తిరుగుతుంది.

"తిరిగి ఎక్కడికెళ్ళింది?" శుభం గారు వేలెత్తారు. "వంటింట్లోకి! పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని మొగుడు ఒక్క మాటన్నాడు. క్షమాపణ అడగలేదు, కాళ్ళావేళ్ళా పడలేదు. ఒక్క మాట. అంతే, సంచీ కింద పడేసి లోపలికి నడిచింది. ఎందుకంటావ్? ఆ ఇల్లు తనది కాబట్టి."

"నేనా సీరియల్ చూళ్ళేదండీ," అంది నర్సు. "నా చెయ్యి విరిగిందండీ. ఇది మొన్న..."

"వస్తాను తల్లీ, అక్కడికే వస్తాను."

ఆయన అక్కడికి రాలేదు. ఆ సీరియల్‌ని ఏదో ఛానల్లో మళ్ళీ వేస్తున్నారనీ, ఆఖరి భాగం శుక్రవారం మధ్యాహ్నం వస్తుందనీ చెప్పారు. కేంద్రం వరండాలో టీవీ ఉండనే ఉంది. "ముగ్గురం కలిసి చూద్దాం. చూశాక సంతకం పెట్టమని నేనడగను. నువ్వే పెడతావు."

"చాలా మంచి ఆలోచన సార్," అన్నాడు మందుల దుకాణం ఆయన.

"కుడిచేత్తో సంతకం ఎలాగ సార్?" అంది నర్సు. ఆమె వెటకారంగా అన్నదో, మామూలుగా అన్నదో టైపిస్టుకి తెలియలేదు.

"దానిదేముంది, వేలిముద్ర చాలు," అన్నారు శుభం గారు చిరునవ్వుతో. టైపిస్టు వైపు తిరిగి, "కాగితం రెడీగా ఉంచమ్మా," అన్నారు.

టైపిస్టు ఒకే ఒక్క మీట నొక్కింది. తెరమీద వాక్యం పరుచుకుంది. 'చిన్న చిన్న మనస్పర్థల వలన కొంతకాలము దూరముగా ఉండి, పెద్దల సలహా మేరకు స్వచ్ఛందముగా నా భర్త వద్దకు తిరిగి వెళ్ళుటకు అంగీకరించుచున్నాను.' పేర్లకి మాత్రం ఖాళీలు. ప్రతిసారీ మొదటి నుంచీ కొట్టలేక, పదకొండేళ్ళ కిందట చేరిన కొత్తలో ఆ మీటకి ఆ వాక్యాన్ని తగిలించింది ఆమే. అప్పుడు శుభం గారు ఎంత మెచ్చుకున్నారో! 

పేర్లు పూరించబోతూ ఆమె ఒకసారి తలెత్తి చూసింది. నర్సు తెరవైపే చూస్తోంది. అంత దూరం నుంచి అక్షరాలు కనపడవు. అయినా టైపిస్టు తెరని కొంచెం పక్కకి తిప్పింది.

*

"మీ శుభం గారికి నోరుంది గానీ కళ్ళు లేవన్నమాట," అంది టైపిస్టు అత్తగారు.

ఆ మంగళవారం సాయంత్రం కిటికీ పక్కన కూర్చుని, కొడుకు డ్రైవరు యూనిఫాంకి ఊడిపోయిన బొత్తాలు కుడుతోంది ఆవిడ. టైపిస్టు ఎదురుగా కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇస్తోంది. ఆవిడ సీరియల్ మొదటిసారి వచ్చినప్పుడూ చూసింది, ఇప్పుడు మధ్యాహ్నాలూ చూస్తోంది.

"అదేంటత్తయ్యా? ఆవిడ తిరిగి రాలేదా?"

"వచ్చింది. వంటింట్లోకీ వెళ్ళింది. ఎందుకెళ్ళిందో చూడకుండా వచ్చింది, వచ్చింది అని గంతులేస్తే ఎట్లా? దొంగ కూడా ఇంట్లోకి వస్తాడు."

"మరెందుకెళ్ళింది?"

"నేను చెప్తే నా మాటవుతుంది. చూశావంటే నీ మాటవుతుంది." ఆవిడ దారం పళ్ళతో కొరికింది. "మీ మామయ్యా నేనూ పక్కపక్కనే కూర్చుని చూశాం ఆ రోజు. అయిపోయాక ఆయన 'హమ్మయ్య' అన్నారు. నేనూ 'హమ్మయ్య' అన్నాను. ఇద్దరం ఒకేమాట అన్నామని ఆయనకి ఎంత సంతోషమో!"

టైపిస్టు నవ్వబోయి ఆగిపోయింది. "నవ్వులాట కాదత్తయ్యా. ఒక నర్సు. పిల్లల వార్డులో పనిచేస్తుందట. మొగుడు చెయ్యి విరిచాడు. దాని ఊసే ఎత్తనివ్వడంలేదాయన. శుక్రవారం ఆ సీరియల్ చూపించి సంతకం పెట్టించేస్తారు. ఎక్కడైనా విన్నామా ఇంత అన్యాయం?"

"అన్యాయమే. సంతకం ఆయన పెట్టిస్తాడు సరే, కాగితం ఎవరు కొడతారు?"

"నా ఉద్యోగమది."

"కాదన్నానా?" అత్తగారు ఇంకో బొత్తం అందుకుంది. "సూది ఇలా తే."

*

గురువారం పొద్దున నర్సు ఒక్కతే వచ్చింది. డ్యూటీ బట్టల్లో ఉంది. చేతికట్టు మీద ఎవరో చిన్నపిల్లలు స్కెచ్ పెన్నులతో పువ్వులూ పిల్లులూ గీశారు. శుభం గారు అప్పుడే వచ్చి కుర్చీ తుడుచుకుంటున్నారు.

ఆమె కవరులోంచి ఎక్స్‌రే తీసి బల్లమీద పెట్టింది. దాంతోపాటు డాక్టరు రాసిచ్చిన కాగితం. "ఇవి నా ఫైల్లో పెట్టండి సార్. మెట్లమీద జారిపడ్డానని మావారు చెప్పారు మీకు. మాది కింద వాటా. మెట్లే లేవు."

శుభం గారు ఎక్స్‌రే తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. మణికట్టు పైన సన్నటి నల్లగీత టైపిస్టు కూర్చున్న చోటికి కూడా కనిపించింది. ఆయన చాలాసేపు చూశారు. నాలుక చప్పరించారు. అయ్యో అన్నారు. తరవాత దాన్ని ఎంతో జాగ్రత్తగా, అంచులు మడతపడకుండా, కవరులో పెట్టి ఆమెకే తిరిగిచ్చారు.

"ఇది నీ దగ్గరే ఉంచుకో తల్లీ. ఫైల్లో పడితే పడినట్టే. రేపు మీరిద్దరూ హాయిగా ఉన్నప్పుడు, పిల్లలు పుట్టాక, ఎవరో దీన్ని తీసి చూస్తే బాగుంటుందా?"

"ఇప్పుడు చూడాల్సినవాళ్ళు చూడకపోతే బాగుంటుందా సార్?"

"కోపంలో ఉన్నావు. రేపు రా."

టైపిస్టు చేతిలో ఆ రోజు ఫైళ్ళ జాబితా ఉంది. ప్రతి ఫైలుకీ జతచేసిన పత్రాలెన్ని అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో ఆమె ఎప్పుడూ సున్నాయే వేస్తుంది. పత్రాలు లేకేమో అనుకునేది. ఇలాంటి కవర్లు ఎన్ని ఈ బల్లమీదికి వచ్చి, ఎంత మర్యాదగా వెనక్కి వెళ్ళాయో! ఆమె చూడకపోలేదు. చూసినప్పుడల్లా మరో పని ఏదో చేతిలో ఉండేది. ఇవాళ చేతిలో ఉన్న పని ఆ గడి నింపడమే.

నర్సు వరండాలో ఆగి, టైపిస్టు బయటికి వచ్చేదాకా నిలబడింది.

"రేపు నేనేం చెయ్యమంటారు? మీరు రోజూ చూస్తుంటారు కదా."

"నేను టైపు కొట్టేదాన్నమ్మా," అంది టైపిస్టు. అని, తన మాట తనకే చప్పగా వినిపించి, గొంతు తగ్గించి, "ఆ ముగింపు ఆయన చెప్పినట్టు కాదట. మా అత్తగారు చెప్పారు. రేపు బాగా చూడండి," అంది.

నర్సు ఆమెని ఒక్క క్షణం వింతగా చూసింది. "సీరియలా?" అంది. బస్సు కోసం వెళ్ళిపోయింది.

ఆ చూపు టైపిస్టుకి మధ్యాహ్నం దాకా గుచ్చుకుంటూనే ఉంది. మంచిమాట చెప్తే మొహం అలా పెట్టడమేమిటని కాసేపు ఆమె మీదే విసుక్కుంది కూడా.

*

శుక్రవారం మధ్యాహ్నం వరండాలో బెంచీలు నిండాయి. తమ వంతు కోసం వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళు ఆరుగురు, మగవాళ్ళు నలుగురు. టీ ఇచ్చే పెద్దావిడ కెటిలు గుమ్మం దగ్గర పెట్టి గోడకి ఆనుకుంది. శుభం గారు తన కుర్చీ బయటికి తెప్పించుకుని ముందు వరసలో కూర్చున్నారు. ఒక పక్క మందుల దుకాణం ఆయన, ఇంకో పక్క ఒళ్ళో కవరుతో నర్సు. టైపిస్టు తలుపు దగ్గర నిలబడింది.

బొమ్మ పాతబడి పసుపురంగు తిరిగింది. ఇల్లాలు సంచీతో గడప అవతల నిలబడి ఉంది. మొగుడు కుర్చీలో పేపరు చదువుతున్నాడు. పేపరు దించకుండానే, "పాలు పొంగుతున్నాయి, చూడు," అన్నాడు.

"ఆఁ! ఇదిగో, ఇదే," అన్నారు శుభం గారు.

ఇల్లాలు సంచీ గడప బయటే పెట్టింది. లోపలికి నడిచింది. కెమెరా ఆవిడ వెనకాలే వెళ్ళి వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయింది. ఇక అంతా వీపే కనిపిస్తుంది. ఆవిడ పొయ్యి ఆర్పింది. గిన్నె దించి మూత పెట్టింది. తరవాత వంగింది. గట్టు కిందికి చెయ్యి పోనిచ్చి దేన్నో తిప్పింది. టక్ మని చిన్న చప్పుడు. లేచి కిటికీ రెక్కలు మూసి గొళ్ళెం పెట్టింది. కడిగిన గ్లాసు ఒకటి ఉంటే దాన్ని బోర్లించింది. చెయ్యి తుడుచుకుంది. గోడ వైపు చెయ్యి చాచింది. తెర చీకటైపోయింది. సంగీతం. పేర్లు పడ్డాయి.

శుభం గారు కళ్ళజోడు తీశారు. "చూశావా తల్లీ..."

"రెగ్యులేటరు కట్టేసిందండీ!"

ఆ గొంతు తనదేనని టైపిస్టుకి ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది. అందరూ ఆమె వైపు తిరిగారు. ఒళ్ళంతా వేడెక్కింది.

"గట్టు కింద చెయ్యి పెట్టి గ్యాసు రెగ్యులేటరు కట్టేసింది. ఆ టక్ మన్నది అదే. వంట చెయ్యడానికొచ్చిన మనిషి పొయ్యి ఆపుతుంది గానీ సిలిండరు ఎందుకు కట్టేస్తుందండీ? అది ఊరెళ్ళేటప్పుడు చేసే పని!"

"కిటికీకి గొళ్ళెం కూడా పెట్టింది," అంది బెంచీ మీద ఒకావిడ, కళ్ళు పెద్దవి చేసి. "పట్టపగలు వంటింటి కిటికీ మూస్తామా ఎవరమైనా? ఊపిరాడొద్దూ?"

"సంచీ బయటే వదిలింది," అంది ఇంకొకావిడ. "ఉండిపోయేదైతే లోపలికి తెచ్చుకోదూ?"

"తెర చీకటవడం కూడా కాదమ్మా అది. లైటు ఆర్పింది," అంది టీ పెద్దావిడ గోడ వదిలి ముందుకొస్తూ. "పాతికేళ్ళు! మా ఆయన ఆ ముగింపు చెప్పి చెప్పి నా చెవులు తూట్లు పొడిచాడు."

శుభం గారు నవ్వడానికి ప్రయత్నించారు. "జాగ్రత్త గల ఇల్లాలమ్మా. రోజూ అలాగే కట్టేస్తుందేమో."

"మీ ఇంట్లో సిలిండరు ఎక్కడుంటుంది సార్?" అంది టీ పెద్దావిడ.

శుభం గారు నోరు తెరిచారు. తీసిన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. వెనక బెంచీలో ఒక మొగాయన కిసుక్కున నవ్వాడు. పక్కనున్న భార్య "నీకు తెలుసా?" అనేసరికి నవ్వు మింగేశాడు.

"సరే సరే. కళ అన్నాక ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకోవచ్చు," అన్నారు శుభం గారు.

టైపిస్టుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరికి తోచినట్టు వాళ్ళా? పదకొండేళ్ళు ఒకే అర్థం చెప్పి, ఆ అర్థం కింద వేలిముద్రలు వేయించి, ఇవాళ ఎవరికి తోచినట్టు వాళ్ళా?

"మరి ఇన్నాళ్ళూ ఆ మాట ఒక్కసారైనా చెప్పారా సార్? ఇది తెలియక ఎంతమంది..."

"అయితే ఇప్పుడేంటి?" మందుల దుకాణం ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా ఇంకా నలగలేదు గానీ గొంతు నలిగింది. "టీవీలో ఎవతో గ్యాసు కట్టేసి పోయిందని నా భార్య కూడా పోవాలా? ఇదేం న్యాయం?"

"అదే నేనూ అడుగుతున్నా," అంది నర్సు.

ఆమె గట్టిగా అనలేదు. అయినా వరండా సద్దుమణిగింది.

"ఆవిడ ఉండిపోయిందంటే నేనుండిపోవాలి. వెళ్ళిపోయిందంటే వెళ్ళిపోవాలి. ఆవిడ ఎవరండీ నాకు? మంగళవారం నించీ చూస్తున్నా. ఆవిడ ఎందుకొచ్చింది, ఎందుకెళ్ళింది అని ఇంతమంది ఇంత పట్టుగా వాదించుకుంటున్నారే, నీ చెయ్యి ఎలా విరిగిందమ్మా అని ఒక్కరడిగారా? నువ్వేం చేద్దామనుకుంటున్నావని ఒక్కరడిగారా?" ఆమె టైపిస్టు వైపు తిరిగింది. "మీరూ అడగలేదు. బాగా చూడమన్నారు. సీరియల్ని."

ఎవరో టీవీ కట్టేశారు. 

టైపిస్టు చెంపల మీద వేడి ఇంకా ఉంది. కానీ అది ఇందాకటి వేడి కాదు. ఎదుటివాడి తప్పు పట్టుకున్నానన్న సంబరంతో ఎక్కిన వేడి ఎటు పోయిందో తెలియలేదు. సంవత్సరాల తరబడి తెర పక్కకి తిప్పుకున్న చెయ్యి తనది. సున్నాలు వేసిన చెయ్యి తనది. శుభం గారు కథ చెప్పారు, నిజమే. కథకి అచ్చు ఎవరు వేశారు?

ఆమె గుమ్మం వదిలి నర్సు ముందుకి వెళ్ళింది. "చెయ్యి ఎలా విరిగిందమ్మా?" అంది.

నర్సు చెప్పింది. పెద్ద కథేం కాదు. సెలవురోజు డ్యూటీ ఒప్పుకున్నందుకు. చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపు నొక్కాడు. ముందు కూడా రెండుసార్లు, కాకపోతే ఎముక దాకా రాలేదు. చెబుతున్నంతసేపూ మందుల దుకాణం ఆయన "అబద్ధం" అని మాత్రమే అన్నాడు, అదీ ఒకసారి. తరవాత ఎవరూ తనవైపు చూడడం లేదని గమనించి గేటు దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?"

నర్సు అదీ చెప్పింది.

టైపిస్టు లోపలికి వెళ్ళి కంప్యూటరు ముందు కూర్చుంది. ఆ ఒక్క మీట జోలికి పోలేదు. ఖాళీ కాగితం తెరిచి మొదటి అక్షరం నుంచి కొట్టడం మొదలుపెట్టింది. మనస్పర్థలు అన్న మాట అలవాటుగా వచ్చేసింది. చెరిపేసింది. తలుపు, సందు, తేదీ, ఏ చెయ్యి, ఏ ఆసుపత్రి. జతచేసిన పత్రాలు: రెండు.

శుభం గారు వచ్చి వెనక నిలబడి చదివారు.

"ఇది మన ఫారం కాదు."

"కాదండీ."

"దీనిమీద నేను సంతకం పెట్టను."

"మీరు పెట్టక్కర్లేదు సార్. ఇది ఆవిడ చెప్పింది. రాసినవాళ్ళ చోట నేను పెడతాను. నంబరు వేసి పై ఆఫీసుకి పంపుతాను."

ఆయన గొంతు అప్పుడు కూడా పెంచలేదు. "ఆవిడ చెయ్యి నయమయ్యాక తీరిగ్గా సంతకం పెట్టించొచ్చు కదమ్మా. తొందరేముంది?"

"మంగళవారం వేలిముద్ర చాలన్నారు సార్."

శుభం గారు తెల్లబోర్డు వైపు చూశారు. ఆమె వైపు చూశారు. "ఇన్నేళ్ళు లేనిది ఇవాళ ఏమొచ్చింది నీకు?" అన్నారు. ఆ గొంతులో కోపం కన్నా కష్టమే ఎక్కువ ఉంది. నిజంగానే అర్థం కావడం లేదాయనకి. టైపిస్టు దగ్గర ఉన్నదల్లా సిగ్గు. దాన్ని ఆయనకి ఎలా విప్పి చూపించాలో తెలియక ప్రింటరు మీట నొక్కింది. ఆయన కుర్చీ లోపలికి తెచ్చుకోవడానికి తనే వరండాలోకి వెళ్ళారు.

నర్సు కాగితం అందుకుని కూర్చుని చదివింది. మందుల చీటీ చదివినట్టు, ప్రతి మాట కిందా ఎడంచేతి వేలు జరుపుతూ చదివింది. టైపిస్టు పక్కనే నిలబడింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తను కొట్టిన కాగితాన్ని ఎదుటి మనిషి చివరిదాకా చదవడం చూసిన గుర్తు లేదు ఆమెకి. కొంచెం గర్వంగా కూడా ఉంది.

వేలు ఆఖరి వరసలో ఆగింది.

"ఇక్కడ తప్పు పడిందండీ."

"అక్షరం ఏదైనా పోయిందా?"

"పోలేదు. ఎక్కువైంది." నర్సు కాగితం ఆమె వైపు తిప్పింది. "'తిరిగి వెళ్ళలేను' అని కొట్టారు. నేనలా అన్లేదు."

టైపిస్టు వంగి చూసింది. వెళ్ళలేను. కొట్టేటప్పుడు తట్టనే లేదు. ఎంత మెత్తగా, ఎంత మర్యాదగా, ఎవరూ నొచ్చుకోకుండా వచ్చి పడిందో ఆ మాట! వెళ్ళాలనే ఉంది గానీ శక్తి లేదన్నట్టు. రేపు ఎవరైనా కాస్త శక్తి తెచ్చుకో తల్లీ అనడానికి చోటు వదిలినట్టు.

ఆమె ఆ కాగితం తీసుకుని రెండుగా చింపింది. కుర్చీలో కూర్చుని ఆ వరస దగ్గరికి వెళ్ళి, మాట మొత్తం చెరిపేసి, తెరని నర్సుకి పూర్తిగా కనపడేలా తిప్పింది.

"చెప్పండమ్మా," అంది.

"వెళ్ళను," అంది నర్సు.

టైపిస్టు కొట్టింది.